తుమ్మించని కుక్క

తిహోమిర్ ముప్ఫయ్యెనిమిదేళ్ళు గూడ్సు బండి నడిపాడు. జ్రెన్యానిన్ నుంచి కికిందాకి, కికిందా నుంచి జ్రెన్యానిన్‌కి. దారిలో గేటుకో కుక్క ఉండేది. ఇంజన్ కనబడగానే మొరుగుతూ పక్కనే పరిగెత్తేది, కాసేపటికి ఇంజన్ని దాటిపోయేది, ఎంతకీ పోటీ రాకపోవడంతో విసుగెత్తి వెనక్కి తిరిగేది. ఇన్ని కుక్కల చేతిలో ఇన్నేళ్ళు ఓడిపోయిన మనిషికి ఆ జాతి మీద కసి పుట్టాలి. తిహోమిర్‌కి ప్రేమ పుట్టింది. రిటైరైన రోజు డిపోవాళ్ళిచ్చిన గోడ గడియారం చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాడు. గుమ్మంలో బూట్లు విడిచి, ఇంట్లో తొడుక్కునే చెప్పుల్లో కాళ్ళు దూర్చి, భార్యకు అధికారికంగా ప్రకటించాడు.

"దెసాంకా, మనం కుక్కను తెచ్చుకుంటున్నాం."

దెసాంకా తుమ్మింది.

అది వెటకారం కాదు. బొచ్చున్న ఏ ప్రాణి సంగతి వచ్చినా ఆవిడ ముక్కు ముందే సిద్ధపడిపోయేది. చర్చిలో పెళ్ళినాడు తిహోమిర్ బాబాయి గొర్రెతోలు టోపీ పెట్టుకుని పక్కనే నిలబడ్డ పాపానికి, ఆవిడ తుమ్ముల ధాటికి తల మీద పెట్టిన పెళ్ళి కిరీటం మూడుసార్లు జారింది. టోపీ దగ్గర నవ్వులాటగా ఉన్న సంగతి కుక్క దగ్గరికొచ్చేసరికి నవ్వులాట కాదు. కళ్ళు వాచి మూసుకుపోయేవి, ఛాతీలో ఈల మోగేది. ఒకసారి పక్కింటి కుక్కపిల్ల ఒళ్ళో ఎక్కితే ఆసుపత్రికి తీసుకుపోవాల్సి వచ్చింది. అంచేత లెక్క చాలా సూటిగా ఉంది. ఆయనకు కుక్క కావాలి. ఆవిడకు ఊపిరి కావాలి. నాలుగో అంతస్తులోని రెండు గదుల ఇంట్లో ఈ రెండూ కలిసి కాపురం చెయ్యాలి.

ఆవిడ మొదట ససేమిరా అంది. కానీ తిహోమిర్ రిటైరైన రెండో వారంలో వంటింట్లో ప్రవేశించి, గిన్నెల వరుస సరిగ్గా లేదని తేల్చి, వాటిని బోగీల్లాగా సైజువారీగా నిలబెట్టాడు. మూడో వారంలో సూపు ఎప్పుడు మరగాలో వేళల పట్టిక రాసి గోడకి అంటించాడు. నాలుగో వారంలో దెసాంకా మనసు మార్చుకుంది.

"కుక్కని రోజుకి ఎన్నిసార్లు బయట తిప్పాలి?" అని అడిగింది.

"మూడుసార్లు."

"నాలుగుసార్లు తిప్పే జాతి ఉందేమో కనుక్కో."

ఈ ఇంట్లో వైద్య విషయాల మీద తుది తీర్పు దెసాంకా అక్క పెర్సిదాది. కింద రెండో అంతస్తులో ఉంటుంది. బట్టల మిల్లులో మేస్త్రీగా చేసింది కాబట్టి శరీర నిర్మాణం ఆవిడకు తెలియనిది కాదు. ఆవిడ శాస్త్రంలో రోగాలు అనేకం, కారణం మాత్రం ఒక్కటే. ప్రొమాయా. ఎదురెదురు కిటికీలు రెండూ తెరిచినప్పుడు ఇంట్లోంచి దూసుకుపోయే గాలి అన్నమాట. పంటి నొప్పి, నడుం నొప్పి, మూతి వంకర, పిల్లలు పుట్టకపోవడం, అల్లుడు తాగుబోతు కావడం, అన్నీ దానివల్లే. ఈ విషయంలో పెర్సిదాకి తిహోమిర్‌ని మించిన భక్తుడు లేడు. ముప్ఫయ్యెనిమిదేళ్ళలో ఇంజన్ క్యాబిన్ కిటికీలు రెండూ ఒకేసారి తెరిచిన పాపాన పోలేదాయన. ఆగస్టు ఎండల్లో ఇద్దరు సహాయకులు స్పృహ తప్పి పడిపోతే, తలుపు సందులోంచి గాలి లోపలికి వచ్చి ఉంటుందని నివేదికలో రాశాడు.

తిహోమిర్, దెసాంకా అలర్జీ డాక్టరు దగ్గరికెళ్ళారు. డాక్టరు నెవెనాకి మహా అయితే ముప్ఫయ్యేళ్ళుంటాయి. దెసాంకా ముంజేతి మీద వరుసగా చుక్కలు వేసి సూదితో గీసింది. పావుగంటలో కుక్క చుక్క శనగగింజంత పొంగింది.

"చూడండమ్మా, దోషం వెంట్రుకది కాదు. కుక్క ఒంటి పొట్టులోనూ, ఎంగిలిలోనూ ఉంటుంది. వెంట్రుకలు తక్కువ రాల్చే జాతులున్నాయి గానీ, తుమ్మించని జాతి అంటూ లేదు."

తిహోమిర్ జేబులోంచి పత్రిక ముక్క తీశాడు. "ఇందులో పన్నెండు జాతులు రాశాడు."

"ఆ రాసినాయన మీ ఆవిడ ముక్కుతో రాయలేదు కదండీ," అంది డాక్టరు. "జాతిని కాదు, కుక్కని ఎంచుకోండి. ఒకే జాతిలో ఒకటి పడొచ్చు, ఇంకోటి పడకపోవచ్చు. తెచ్చుకునే ముందు ఆ కుక్కతోనే ఈవిడ కొన్నిసార్లు కూర్చోవాలి. మందు దగ్గర పెట్టుకోండి. పడగ్గదిలోకి రానివ్వకండి. తివాచీలు తీసెయ్యండి. రోజూ ఇంటికి రెండు వైపులా కిటికీలు తెరిచిపెట్టండి."

తిహోమిర్ పత్రిక ముక్క మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"రెండు వైపులా?" అన్నాడు తిహోమిర్.

"రెండు వైపులా."

"ఒకేసారా?"

"ఒకేసారి తెరిస్తేనే కదా గాలి ఆడేది!"

తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీలన్నీ మూసే ఉన్నాయి. జనమంతా హాయిగా చెమటలు కక్కుతున్నారు.

"పాపం, చిన్నపిల్ల. చదువు తలకెక్కింది," అంది దెసాంకా.

"చెప్పేందుకు ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేరేమో," అన్నాడు తిహోమిర్ జాలిగా.

కాబట్టి డాక్టరు సలహాల్లో ఆచరణకు తగినవన్నీ ఆచరించాలనీ, ఆత్మహత్యతో సమానమైనదాన్ని వదిలెయ్యాలనీ ఏకగ్రీవంగా తీర్మానం జరిగింది.

తిహోమిర్ కలలోని కుక్క వేరు. షార్ పర్వతాల కాపలా కుక్క, దూడంత ఉంటుంది, తోడేలుకి ఎదురు నిలుస్తుంది. ఏడాది పొడుగునా దాని ఒంటి నుంచి రాలే బొచ్చుతో ఇంకో కుక్కను తయారుచెయ్యొచ్చు. పత్రిక ముక్కలో దాని పేరు లేదు. జాబితాలో మొదటి పేరు పూడిల్. ఆ మాట పార్కులో చదరంగం బల్ల దగ్గర నోరు జారాడు.

"పూడిలా?" అన్నాడు రాదివోయ్, పాత గార్డు. "వెయ్యి టన్నుల బండి లాగినవాడివి, ఇప్పుడు రిబ్బను కట్టిన బొమ్మని లాక్కెళ్తావా? జుట్టు కత్తిరించడానికి నెలనెలా సెలూన్‌కి కూడా తీసుకెళ్ళాలట. నీ జుట్టు కత్తిరించుకుని ఎన్నాళ్ళయింది?"

"అది మా ఆవిడ ఊపిరి సంగతి."

"అయితే మీ ఆవిడకే రిబ్బను కట్టు, ఇంకా చవక."

అయినా తిహోమిర్ వెనుకంజ వెయ్యలేదు. కుక్కల సెలూన్ ఆవిడ పూడిల్‌ని ఒక మధ్యాహ్నం అరువు తెచ్చాడు. పరీక్ష శాస్త్రీయంగా జరగాలి కాబట్టి బయటి దుమ్ము, పుప్పొడి కలవకుండా కిటికీలన్నీ బిగించాడు. తలుపు కింద తడి తువ్వాలు దోపాడు. చేత్తో గడియారం పట్టుకుని నిలబడ్డాడు. దెసాంకా పదకొండు తుమ్ములు తుమ్మింది. పూడిల్ కూడా ఒకసారి తుమ్మింది.

రెండోది పులి. పులి అంటే పులి కాదు, సెంతా వైపు హంగేరియన్లు గొర్రెలు కాయడానికి పెంచే కుక్క. తల నుంచి తోక దాకా తాళ్ళు తాళ్ళుగా జడలు కట్టి, ఎటు మొహమో ఎటు వెనకో అది నడిస్తే తప్ప తెలియదు. "వెంట్రుక రాలదండీ, జడలోనే ఉండిపోతుంది," అని హామీ ఇచ్చాడు దాని యజమాని. నిజమే. వెంట్రుకతో పాటు తీసా నది ఒండ్రు, పోయిన ఏడాది గడ్డి కూడా జడలోనే ఉండిపోయాయి. మూసిన గదిలో పది నిమిషాలకే దెసాంకా ఛాతీలో ఈల మొదలైంది. మందు పీల్చుకుని మంచం ఎక్కింది.

పెర్సిదా వచ్చి తీర్పు చెప్పింది. "కుక్కవల్ల కాదు. దాన్ని బయటికి పంపేటప్పుడు తలుపు తెరిచారు చూడు, అప్పుడు కొట్టింది ప్రొమాయా."

తిహోమిర్ తలూపాడు. ఇంకో తువ్వాలు కొన్నాడు.

మూడో కుక్క గడ్డం కుక్క, ష్నౌజర్. పేరు గారోవ్. నాలుగేళ్ళది. నెరిసిన గడ్డం, దట్టమైన కనుబొమలు, మొహంలో రిటైరైన న్యాయాధికారి అసంతృప్తి. దాని యజమాని ఒక ముసలి లెక్కల మాస్టారు, కూతురి దగ్గరికి నోవి సాద్ వెళ్ళిపోతున్నాడు. అల్లుడికి కుక్కంటే గిట్టదు. చూడ్డానికెళ్తే అది మాస్టారి గుమ్మంలో తిహోమిర్ చెప్పులు వాసన చూసి, పక్కన కూర్చుని, ఆయన మోకాలికి వీపు ఆనించింది. ముప్ఫయ్యెనిమిదేళ్ళుగా కుక్కలు ఆయన్ని దాటి పరిగెత్తాయే తప్ప, ఒక్కటీ పక్కన కూర్చోలేదు.

"ఇదే," అన్నాడాయన.

సరిగ్గా ఆ వారమే బిల్డింగులో పాత కిటికీలు మార్చడం మొదలైంది. పనివాళ్ళు పొద్దున్నే వచ్చి రెండు వైపులా చట్రాలు పెకిలించారు, కాఫీ తాగారు, కొత్తవి రాగానే వస్తామని వెళ్ళారు. రెండు రోజులు రాలేదు. ఇల్లంతా గాలి ఈ గోడ నుంచి ఆ గోడకి నిరాటంకంగా నడిచింది. పెర్సిదా నాలుగో అంతస్తుకి రావడం మానేసి, కింది మెట్ల మీద నుంచే అరిచి యోగక్షేమాలు కనుక్కునేది. తిహోమిర్ చెవుల్లో దూది, మెడకి ఉన్ని కండువా, తలకి శీతాకాలపు టోపీ పెట్టుకుని మంచం మీద ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నాడు. గారోవ్‌తో ఒప్పుకున్న పరీక్ష వాయిదా వెయ్యడానికి వీల్లేదు. మాస్టారు ఆదివారం వెళ్ళిపోతున్నాడు.

గారోవ్ వచ్చింది. దెసాంకా పక్కన గంటసేపు కూర్చుంది. ఆవిడ ఒక్కసారి తుమ్మింది. మర్నాడు రెండు గంటలు కూర్చుంది. తుమ్మలేదు.

"మంచి జాతి," అన్నాడు తిహోమిర్ కళ్ళు చెమర్చగా.

శనివారం కొత్త కిటికీలు బిగించారు. రెండు పొరల అద్దం, దోమ కాదు కదా దాని ఊసు కూడా లోపలికి రాదు. తిహోమిర్ తువ్వాళ్ళు దోపి, మరిగించిన రకియా, అంటే పళ్ళసారా, కృతజ్ఞతతో ఒక గుక్క తాగాడు. అరగంటలో దెసాంకా కళ్ళు ఎర్రబడ్డాయి. ముప్పావు గంటకి ఈల మోగింది. గారోవ్‌ని మెట్ల మీదికి తీసుకెళ్ళాల్సి వచ్చింది.

ఆదివారం పొద్దున మాస్టారు టాక్సీ కింద ఆపుకుని ఫోను చేశాడు. కుక్క ఉంటుందా, వచ్చి తీసుకుపోవాలా? బయట కోషవా అనే చలిగాలి మొదలై చెట్ల కొమ్మల్ని వంచేస్తోంది. గారోవ్ మెట్ల మీద కూర్చుని ఉంది. పెర్సిదా కోటు విప్పకుండానే సోఫాలో కూర్చుంది.

"జాతీ కాదు, పాడూ కాదు," అంది దెసాంకా. "ఆ డాక్టరు పిల్ల చెప్పిందే నిజం. కిటికీలు తెరిస్తే నాకు ఊపిరాడుతోంది. మూస్తే ఆడట్లేదు. తెరిస్తే కుక్క ఉంటుంది, మూస్తే వెళ్తుంది. నాకు రెండూ సమ్మతమే. నువ్వు తేల్చు తిహో."

"ఈ కోషవాలోనా!" పెర్సిదా లేచి నిలబడింది. "మెడ పట్టేస్తుంది! మా మామగారు ఇలాగే పోయాడు."

"మీ మామగారు ట్రాక్టరు కింద పడి పోయాడు పెర్సా," అంది దెసాంకా.

"కింద ఎందుకు పడ్డాడు? మెడ తిప్పి చూడలేక!"

ఈ వాదన తిహోమిర్‌కి కొత్త కాదు. జీవితమంతా నమ్మినదే అది. ఆయన టోపీ పెట్టుకున్నాడు. కండువా రెండు చుట్లు చుట్టాడు. చెవుల్లో దూది కుక్కాడు. ఉరికంబం ఎక్కేవాడి హుందాతనంతో వంటింట్లోకి నడిచి మొదటి కిటికీ తెరిచాడు. ఇంతవరకూ ఏ శాస్త్రమూ అభ్యంతరం చెప్పదు. ఒక్క కిటికీ అంటే గాలి మాత్రమే. ముందు గదిలోకి వచ్చి బాల్కనీ తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. మెట్ల మీద గారోవ్ ఒక్కసారి, మర్యాదగా, మొరిగింది.

తెరిచాడు.

పరదాలు పైకప్పుకి లేచాయి. గోడ మీది వేళల పట్టిక ఊడి ఎటో ఎగిరిపోయింది. "నా చావు మీ మెడకే చుట్టుకుంటుంది!" అని పెర్సిదా కోటు కాలరు పైకెత్తుకుని కిందికి పరుగు తీసింది. ఆవిడ తలుపు తీసిన సందులోంచి గారోవ్ లోపలికొచ్చి, తివాచీ తీసేసిన ఉత్త నేల మీద దెసాంకా కుర్చీ పక్కన చతికిలపడింది.

తిహోమిర్ గాలికి అడ్డంగా, కళ్ళు మూసుకుని, మెడ పట్టేయడం కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు. ఫోనులో మాస్టారు "హలో, హలో" అంటున్నాడు.

దెసాంకా ఛాతీ నిండా ఊపిరి పీల్చింది. ఈల లేదు.

"ఇంకాస్త తెరువు," అంది.

తెరిచాడు.