ఈల గుంట రెండో భాగం

తొంభైల మధ్యలో, పాడేరు నుంచి చింతపల్లి వెళ్లే దారిలో ఉన్న ఒక బాలికల ఆశ్రమ పాఠశాలలో నాకు ఉద్యోగం వచ్చింది. మాది బొబ్బిలి వైపు. చలి అంటే దుప్పటి కప్పుకుంటే పోయేదనుకునేదాన్ని అంతవరకు. ముగ్గురు టీచర్లం ఉండాల్సిన చోట చాలాకాలం నేనొక్కదాన్నే ఉన్నాను. పాఠాలు నావే, వంటగది నాదే, పిల్లల జ్వరాలూ నావే. పొద్దున ప్రార్థన అయ్యేసరికే నడుం లాగేసేది.

రెండో ఏడు పాడేరు ఆఫీసు నుంచి ఒక అట్టపెట్టె నిండా పుస్తకాలొచ్చాయి. అన్నీ నీతికథలు, చేతులు కడుక్కోండి అని చెప్పే పుస్తకాలు. అడుగున మాత్రం పల్చటి బొమ్మల పుస్తకం ఒకటుంది. అందులో కథానాయిక ఒక లారీ డ్రైవరు కూతురు. కళ్లకు ముసుగు, భుజాన తండ్రి ఎర్ర తువ్వాలు. ఆ పిల్ల ఈల వేస్తే కదులుతున్నదేదైనా ఆగిపోతుంది. బ్రేకులు పోయిన బస్సు, రంకెలేసే ఎద్దు, తుపాకీ గుండు, ఏదైనా సరే. చివరి పేజీలో ఆనకట్టకు బీట పడుతుంది. దుర్మార్గుడు కొట్టిన దెబ్బకు ఆ పిల్ల పెదవి చిట్లిపోయింది. నోట్లోంచి గాలి వస్తోంది గాని ఈల రావడం లేదు. వెనకాల నీళ్లు, ముందు ఊరు. కింద 'మిగతా కథ రెండో భాగంలో' అని ఉంది.

వారం తిరిగేసరికి బడి బడంతా ఈలలే. ఆడపిల్లలు ఈల వేయకూడదని మా వంటామె గరిటె పట్టుకుని కసిరేది. ఎవరూ వినలేదు. ఆ పిల్లకు పుస్తకంలో ఉన్న పేరు వదిలేసి మావాళ్లు 'ఈల గుంట' అని పెట్టుకున్నారు. మా వైపు గుంట అంటే ఆడపిల్ల.

అందరిలోకీ ఎక్కువగా ఆ పుస్తకాన్ని పట్టుకున్నది ఐదో తరగతి పిల్ల ఒకతె. డొంకరాయి దగ్గర ఊరు వాళ్లది. తండ్రి డ్యాము పనుల్లో కూలి. ఇంట్లో మాట సగం ఒరియా. తెలుగు వాచకం ముందు పెడితే నోరు మెదపని పిల్ల, ఆ బొమ్మల పుస్తకం పట్టుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుని నెల రోజుల్లో గడగడా చదివేసింది. ఒకరోజు పుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"టీచరమ్మా, మా వైపు నీలు వదిల్తే ముందు సైరన్ ఏత్తారు. ఇందులో సైరన్ లేదేటి?"

"బొమ్మలేసినాయన మర్చిపోయుంటాడు."

"రెండోదాంట్లో ఏత్తాడేమో. అదెప్పుడొత్తాది?"

తెలీదన్నాను. మర్నాడు మళ్లీ అడిగింది. ఆ తర్వాత రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. పుస్తకం వెనక అట్ట మీదున్న చిరునామాకు పిల్లల చేత కార్డులు రాయించాను. మూడు నెలలు చూశాం. జవాబు రాలేదు.

వేసవి సెలవుల్లో విశాఖపట్నం వెళ్లినప్పుడు ఆ చిరునామా వెతికి పట్టుకున్నాను. చిన్న ప్రెస్సు. పెళ్లి శుభలేఖలు వేస్తున్నారు. యజమాని పుస్తకం పేరు గుర్తు తెచ్చుకోవడానికే కాసేపు పట్టింది. "అది పోలేదండీ, కట్టలు కట్టలు మిగిలిపోయేయి," అని, బొమ్మలేసినాయన అనకాపల్లిలో ఉంటాడని చెప్పి వీధి పేరు రాసిచ్చాడు.

ఆయన రిటైరైన డ్రాయింగు మాస్టారు. వీధరుగు మీద బల్లకు చేరగిలి కూర్చుని ఉన్నాడు. ఎందుకొచ్చానో చెబితే చాలాసేపు నమ్మలేదు.

"ఏజెన్సీలో పిల్లలు చదివేరా?"

"చదివారండి. అట్ట ఊడిపోతే మైదాపిండి ఉడికించి రెండుసార్లు అంటించాం."

కోడల్ని పిలిచి కాఫీ పెట్టమన్నాడు. ఆ ఈల గుంట ఎలా బయటపడుతుందో చెప్పమని నేను అడిగాను. కనీసం ఆ ముక్కైనా పిల్లలకు పట్టుకెళ్దామని నా ఆశ.

"నాకూ తెలీదమ్మా," అన్నాడాయన. "ముప్పై రెండు పేజీల్లో ఆపమన్నారు, ఆపేసేను. తర్వాత ఆలోచిద్దాంలే అనుకున్నాను. ఇంతలో ఇది వచ్చింది." కుడిచెయ్యి ఎత్తి చూపించాడు. వేళ్లు ఒక్క క్షణం నిలవడం లేదు. కాఫీ గ్లాసు ఎడమచేత్తో పట్టుకున్నాడు. నేను లేచి వస్తుంటే వెనక నుంచి అన్నాడు. "చెయ్యి కాస్త కుదిరితే వేస్తానని చెప్పండమ్మా పిల్లలకి."

ఆ చెయ్యి కుదరదని నాకు అరుగు దిగుతున్నప్పుడే తెలుసు.

జూన్‌లో బడి తెరిచిన రోజు, జీపు దిగి సంచి కింద పెట్టకుండానే నలభైమంది చుట్టూ మూగారు. ఘాట్ రోడ్డు తిరుగుడుకి నాకు తల దిమ్ముగా ఉంది. "వేస్తున్నారు," అన్నాను. వేస్తానన్నారు అనాలి. ఒక్క మాటే తేడా. దిద్దుకుందామనుకునేలోపు వాళ్లు కేరింతలు కొడుతూ వంటామెకు చెప్పడానికి పరిగెత్తారు.

అక్కడి నుంచి ఆ అబద్ధం నన్ను వదల్లేదు. దసరాకి బొమ్మలైపోయాయన్నాను. సంక్రాంతి సెలవులకు ముందు రంగులేస్తున్నారన్నాను. మరుసటి వేసవి అనకాపల్లి వెళితే అరుగు మీద ఎవరూ లేరు. మావగారు చలికాలంలో పోయారని కోడలు చెప్పింది. రెండో భాగానికి ఒక్క గీతైనా గీశారా అని అడగడానికి నాకు నోరు రాలేదు.

ఆ ఏడే చెప్పేయాల్సింది. కాని ఆ వానాకాలం మా బడిలో జ్వరాలు విపరీతంగా వచ్చాయి. జీపులో పాడేరు ఆసుపత్రికి తీసుకెళ్లిన ఇద్దరిలో ఒక పిల్ల తిరిగి రాలేదు. నాలుగో తరగతి. ఆ పిల్ల పళ్లెం, పెట్టె వాళ్ల నాన్నకు నా చేతులతోనే అప్పగించాను. ఆ తర్వాత పిల్లలు నా దగ్గరికొచ్చి ఈల గుంట పుస్తకం వచ్చిందా అని అడుగుతుంటే, ఇంకో చావు కబురు చెప్పడానికి నాలో ఓపిక లేదు. "అచ్చులో ఉంది," అనేదాన్ని. అదైతే తేలిగ్గా వచ్చేసేది నోటికి.

డొంకరాయి పిల్ల ఏడో తరగతి పూర్తిచేసి చింతపల్లిలో హైస్కూలుకి వెళ్లిపోతూ, "రెండోది వత్తే నాకు దాచండి టీచరమ్మా. నానొచ్చి తీస్కెల్తాను," అంది. సరేనన్నాను.

అన్నట్టే ఆ దసరాకి వచ్చింది. ఇంకా రాలేదన్నాను. మా వంటామె పోసిన చోడంబలి, అదే రాగి అంబలి, తాగి, చిన్నపిల్లలకు జడలు వేసి వెళ్లింది. మళ్లీ ఏడాది బస్సు దిగి గేటులోకి వస్తుంటే కిటికీలోంచి చూశాను. ఆ మొహం చూసి మళ్లీ అదే మాట అనలేననిపించింది. నేను పాడేరు మీటింగుకి వెళ్లానని చెప్పమని వంటామెతో అని, గదిలో మంచం మీద కూర్చున్నాను. బయట కాసేపు మాటలు వినిపించాయి. తర్వాత లేవు. ఆ పిల్ల మళ్లీ ఎప్పుడూ రాలేదు.

తర్వాత నాకు అరకు దగ్గరి బడికి బదిలీ అయింది. ఎందుకో ఆ పుస్తకాన్ని కూడా నాతో తెచ్చాను. అక్కడి పిల్లలూ చదివారు, అక్కడి పిల్లలూ అదే అడిగారు, నేనూ అదే చెప్పాను.

రెండువేలు దాటి ఏడెనిమిదేళ్లయ్యాక, ఒక మీటింగు పని మీద పాడేరు వెళ్లి జీపు కోసం నిలబడి ఉన్నాను. టీకా మందుల డబ్బా భుజాన తగిలించుకున్న నర్సమ్మ ఒకతె నా ఎదురుగా వచ్చి ఆగింది. మొహం చూసి పోల్చుకోలేకపోయాను. "టీచరమ్మా" అన్న పిలుపుకి పోల్చుకున్నాను, మా డొంకరాయి పిల్ల. పెళ్లయిందట, ఒక గుంటడట. సీలేరు వైపు ఊళ్లు తిరుగుతోందట. అన్నీ చెప్పి ఆగింది. ఆ పుస్తకం మాట తను ఎత్తలేదు. నేనే ఎత్తాను. మాస్టారి చెయ్యి దగ్గర్నుంచి ఆయన పోవడం దాకా అంతా చెప్పేశాను.

ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. డబ్బా ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది.

"నాను రెండోసారి వచ్చినప్పుడు మీరు బడిలోనే ఉన్నారు గదా."

నేను జీపులొచ్చే వైపు చూశాను.

"మీ సెప్పులు గుమ్మంలో ఉన్నాయి. సూసేను. నామీద కోపమొచ్చిందనుకున్నాను. ఏం తప్పు సేసేనో అని ఇంటికెల్లేదాకా ఆలోసించేను. పుస్తకం లేదని సెప్తే ఏడ్సీసి ఊరుకుందును టీచరమ్మా."

"తప్పు నాదేనమ్మా," అన్నాను. అలసిపోయి ఉండేదాన్నని చెబుదామనుకున్నాను గాని, టీకాల కోసం కొండలెక్కి దిగే మనిషి ముందు ఆ మాట అనలేకపోయాను.

వాళ్ల జీపువాడు హారన్ కొట్టాడు. "ఎప్పుడైనా మా ఇంటికి రండి. మా గుంటడ్ని సూద్దురు గాని," అని ఎక్కేసింది. జీపు మలుపు తిరిగేదాకా నిలబడి, తర్వాత నా జీపు చూసుకున్నాను.

మర్నాడు అరకు బడిలో ప్రార్థన అయ్యాక పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పాను. "బొమ్మలేసిన తాతగారు చనిపోయారు. చాలా ఏళ్లయింది. రెండో భాగం లేదు, ఇక రాదు. వస్తుందని నేను చెప్పింది అబద్ధం."

ఏడుస్తారనుకున్నాను. ముందు వరసలో ఒక పిల్ల, "తాతకేటైంది టీచరమ్మా?" అంది. చెయ్యి వణికేదని చెప్పాను. ఏ చెయ్యి అని ఇంకొకతె అడిగింది. మరి అన్నమెలా తినేవాడని మరొకతె. వాళ్ల ఇల్లు, ఆ అరుగు, కోడలిచ్చిన కాఫీ, అన్నీ చెప్పించుకున్నారు. మొదటి పీరియడంతా అందులోనే అయిపోయింది. లెక్కల పుస్తకాలు తెచ్చుకోమంటే మారు మాట్లాడకుండా లేచి వెళ్లారు.

నేను కుర్చీలో అలాగే కూర్చున్నాను. తేలికవుతుందనుకున్న మనసు పెద్దగా తేలికేం కాలేదు. అక్కడి వంటామె గుమ్మంలోకి వచ్చి పొయ్యిలోకి కర్రలు తడిగా ఉన్నాయని, అన్నం ఆలస్యమవుతుందని చెప్పింది. సరే, ముందు చిన్నపిల్లలకు పెట్టమని చెప్పి, సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గరికి వెళ్లాను.