నేను చేయని నాలుగో ఐకాన్

చిక్కపేటలోని ఒక చీరల హోల్‌సేల్ కొట్టులో లేబుళ్ళు అచ్చేసే పని నాది. కంప్యూటర్‌లో ఉన్నది లైనక్స్. దాన్ని పెట్టిపోయిన ఇంజనీరు నాలుగు కమాండ్లు కాగితం మీద రాసిచ్చాడు. నలభై దాటాక వయోజన బడిలో అక్షరాలు దిద్దిన నేను, టెర్మినల్ అనే నల్ల కిటికీలో వాటిని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టేదాన్ని. ఇంకెవరూ దాని జోలికి వచ్చేవారు కాదు. నాకది గొప్పగా ఉండేది, కూతురి కాన్పు దగ్గరపడేదాకా.

నెల రోజులు హిందూపురం పోతానంటే యజమాని తలెత్తలేదు.

"నువ్వు పోతే ఆ నల్లదాంతో ఎవరు తిప్పలు పడేదమ్మా? కూతుర్నే ఈడికి పిలిపించు."

"బస్సెక్కొద్దన్నింది డాక్టరమ్మ. మీకు నేర్పిచ్చి పోతానన్నా."

"నాకా? ఈ వేళ్ళు చూడు, అరటికాయలు. కీబోర్డు పగులుతాది."

అప్పుడు ఫోనులో వెతికాను. కమాండును చిన్న ఫైలులో రాసి డెస్క్‌టాప్ మీద పెడితే ఐకాన్ అవుతుందట, నొక్కితే చాలు నడుస్తుందట. మధ్యాహ్నం భోజనాల వేళ కూర్చున్నాను. మొదటిది నొక్కితే పని జరగలేదు, నేను రాసిన వరసలే తెరుచుకున్నాయి. మౌస్ కుడివైపు నొక్కి, ఆ ఫైలు నడవడానికి అనుమతి ఇచ్చాను. ఈసారి నల్ల కిటికీ రెప్పపాటు కనిపించి మూసుకుంది. ఫోల్డరు పూర్తి దారి రాయలేదు నేను. రాశాక ప్రింటరు గరగరమంటూ లేబుల్ కక్కింది.

మూడు ఐకాన్లు అయ్యాయి. నాలుగోది, ప్రింటరు దగ్గర పనులు పేరుకుని కదలకపోతే అన్నిటినీ రద్దు చేసే కమాండు. అదీ చేసేస్తే నా కుర్చీలో ఎవరైనా కూర్చోవచ్చు. చేయలేదు.

యజమాని తానే నొక్కి చూశాడు. మొహం వెలిగిపోయింది.

"ఇంతేనా! పో తల్లీ, ఎన్ని దినాలైనా ఉండు. అన్నీ చేసేసినావు కదా?"

"చేసినానన్నా."

హిందూపురం ఆసుపత్రిలో కూతురికి నొప్పులు మొదలైన పూటే ఆయన ఫోను చేశాడు. లేబుళ్ళు ఆగిపోయాయి, కింద లారీ నిలబడి ఉంది. వరండాలో గోడవైపు తిరిగి చెప్పసాగాను.

"సి, ఏ, ఎన్, సి, ఇ, ఎల్. ఒక ఖాళీ వదలండి. అడ్డగీత, మళ్ళీ ఏ."

"ఖాళీ యాడుండాది దీంట్లో?"

"కిందుండే పొడుగు మీటన్నా."

"ఏందో తప్పంటా ఉండాది. పెట్టేయాకమ్మా, నీకు దండం పెడతా."

లోపల్నుంచి కూతురు అమ్మా అని అరిచింది. నర్సు తలుపు తీసి నన్ను రమ్మంది. వస్తున్నానని చేత్తో సైగ చేసి, మళ్ళీ సి నుంచి మొదలుపెట్టాను.