అడ్మిన్‌కు విడిగా మెసేజ్ పెట్టరాదు

ఆ రోజుల్లో ఉద్యోగం లేనివాడికి కూడా అధికారం దొరికేది. నాకు ఫోనులో దొరికింది. అశోక్ నగర్ హాస్టళ్లలో ఉంటూ ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షలకు చదివే అరవై మందికి ఒక గ్రూపు ఉండేది, దానికి నేను అడ్మిన్‌ను. (ఎవరూ ఎన్నుకోలేదు. పెట్టింది నేనే.) అందులో పరీక్షల సంగతి తప్ప మరొకటి కనబడితే నాకు ఒళ్లు మండేది. రాజ్యాంగం బట్టీ పట్టినవాణ్ని కదా, నాలుగు నిబంధనలు రాసిపారేశాను. నాలుగోది: అడ్మిన్‌కు విడిగా మెసేజ్ పెట్టరాదు. పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒక తమ్ముడు మాత్రం రోజూ పొద్దున ఐదింటికి మందార పువ్వు బొమ్మతో శుభోదయం చెప్పేవాడు. రెండుసార్లు హెచ్చరించి, మూడోసారి తీసేశాను. ఫోన్ చేసి బతిమాలితే నంబరు కూడా బ్లాక్ చేశాను. ఆ ఊపులోనే అడ్మిన్ తప్ప ఎవరూ రాయకుండా గ్రూపుకు తాళం వేసి, కలెక్టరునైనంత దర్జాగా రెండో చాయ్ చెప్పాను.

వారం తిరక్కుండా నాకు సర్టిఫికెట్ల పరిశీలనకు పిలుపొచ్చింది. పరిశీలనకు ముందురోజు పొద్దున చిక్కడపల్లి లైబ్రరీలో కాసేపు చదువుకుని, జిరాక్సులకని నారాయణగూడ వెళ్లి చూసుకుంటే చేతిలో ఫైలు లేదు. పదో తరగతి మెమో నుంచి డిగ్రీ పట్టా దాకా అన్నీ అందులోనే. పరుగెత్తుకొచ్చేసరికి నేను కూర్చున్న బల్ల ఖాళీ. "ఎవలో పిలగాడు తీస్కపోయిండు," అన్నాడు వాచ్‌మన్. రేపటికి అవి లేకపోతే నాలుగేళ్ల చదువూ గంగలో కలిసినట్టే. వెంటనే గ్రూపులో పెట్టాను: నా ఫైలు పోయింది, తెలిస్తే చెప్పండి. యాభై మంది చూశారు. ఒక్కడూ పలకలేదు. లోకంలో మానవత్వం చచ్చిపోయిందని తిట్టుకుంటూ, ఊరంతా వెతికి, సాయంత్రానికి మా గల్లీ చాయ్ బండి దగ్గర కూలబడ్డాను. నిజం చెబుతున్నా, ఏడ్చాను.

పక్కనే చాయ్ తాగుతున్న మా హాస్టల్ వాడు నెమ్మదిగా అన్నాడు: "శుభోదయం తమ్ముడు పగటి సంది నీ ఫైలు వట్టుకొని హాస్టల్ హాస్టల్ తిరుగుతుండన్నా. ఫోన్ జేస్తే నీకు కలుస్తలేదట."

"మరి నువ్వన్న జెప్పాలె గదరా!"

"ఎట్ల జెప్పాలన్నా? గ్రూపు నువ్వే బంద్ వెడ్తివి. విడిగా వెడ్దామంటే నాలుగో నిబంధనాయె."

తమ్ముడు పుస్తకాల దుకాణం ముందు దొరికాడు. ఫైలును గుండెకు హత్తుకుని నిలబడ్డాడు. "అన్నీ ఉన్నయేమో జూస్కో అన్నా," అన్నాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఏదో ఒకటి మాట్లాడాలని, ఆ పువ్వులు రోజూ ఎందుకు పెట్టేవాడివని అడిగాను.

"ఊర్ల పొద్దుగాల లేస్తే అందరు పలకరిస్తుండె అన్నా. ఈడ ఎవ్వరు పలకరియ్యరు. నేనన్న పలకరిద్దామని."

అక్కడే నిలబడి అతన్ని మళ్లీ గ్రూపులో చేర్చి, అడ్మిన్‌ను కూడా చేశాను. అతను చేసిన మొదటి పని తాళం తీయడం. తెల్లవారి ఐదింటికి మందారం, దాని వెనకే అరవై శుభోదయాలు. నోరు మూసుకుని భరించాను.

ఆ పరిశీలన గట్టెక్కి ఇప్పుడొక చిన్న కొలువులో ఉన్నాను. మా ఆఫీసు గ్రూపులో పైవాళ్లు రాస్తారు, మేము చదువుతాం. (చేసుకున్నవాడికి చేసుకున్నంత.) పాత గ్రూపులోంచి కొలువులొచ్చినవాళ్లు, రానివాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. మిగిలింది నేనూ తమ్ముడూ, ఇద్దరమూ అడ్మిన్లమే. రోజూ ఐదింటికి మందారం వస్తుంది. మొన్న ఒకరోజు ఆరైనా రాలేదు. కాసేపు అటూ ఇటూ తిరిగి, నేను రాసిన నాలుగో నిబంధనను నేనే తప్పి, అడ్మిన్‌కు విడిగా మెసేజ్ పెట్టాను: "లేచినవా తమ్మీ?"