సొట్ట కంచం

దేవసూగూరుకు థర్మల్ ప్లాంటు వచ్చాక నాన్న అక్కడ స్టీలు సామాన్ల దుకాణం పెట్టాడు. మంచి కంచాలు అమ్మడానికి, సొట్టపడి అమ్ముడుపోనివి మేం తినడానికి.

ఎదురింటి పెద్దమ్మ ఒక్కతే ఉండేది. ఎప్పుడడిగినా "నాకేం తక్కువ బిడ్డా, మస్తుగున్న" అనేది. అంత తృప్తి లోకంలో ఎవరికేడ్చింది? ఏదో దాస్తోందని నా అనుమానం.

ఒక మధ్యాహ్నం చెప్పకుండా లోపలికి వెళ్లాను. పీట ముందు మా దుకాణంలో కొన్న కొత్త కంచం. అందులో వేడన్నం, పప్పు, గుత్తివంకాయ, నెయ్యి. దొరికిపోయిందనుకున్నాను.

"ఎవరొస్తున్నరు పెద్దమ్మా?"

"ఎవరొస్తరు? నాకే పెట్టుకున్న. ఏం, నేను మనిషిని గానా?"

ఆ సాయంత్రం నా సొట్ట కంచంలో చారు ఎప్పటిలాగే ఒక పక్కకు జారింది. ఎదురుగా ఇంకో సొట్ట కంచంలో తింటూ నాన్న "మనకేం తక్కువ" అన్నాడు.

నేను అనుమానించాల్సింది ఎదురింటిని కాదు.