తిరగేసి చూసే అత్త

మా మేనత్త ఏ బట్ట చేతికొచ్చినా ముందు తిరగేసి లోపలి కుట్లు చూస్తుంది. నేను చొక్కాలమ్మే షోరూములోనే ఆమె ఇరవై ఏళ్లుగా ఆల్టరేషన్ మిషను తొక్కుతోంది. ఈ మధ్య చొక్కాల ధర రెట్టింపైంది. కుట్టు పక్కన లోపల వదిలే బట్ట మాత్రం మాయమైంది. అందుకే మేనేజరు, "కొనేవాళ్ల ఎదుట తిరగేశావో, ఉద్యోగం ఊడుతుంది" అని అత్తను హెచ్చరించాడు.

నిన్న ఒక పెద్దాయన కొత్త చొక్కా బిగుతైందని, వదులు చేయమని తెచ్చాడు. ఒంటిమీదున్నది పదేళ్ల కిందట మా దగ్గరే కొన్నదట. అత్త చేతులు ఊరుకోలేదు. మేనేజరు చూస్తుండగానే కొత్తదాన్ని తిరగేసింది.

"దీన్నేం వదులు చేయను బాబాయ్ గారూ? విప్పితే దారమే మిగులుతుంది. మీ ఒంటిమీదది చూడండి, లోపల అంగుళం బట్ట వదిలి కుట్టారు. అది వదులు చేసిస్తాను."

"అయితే నా పొట్టకి ఇంకో పదేళ్లు ఢోకా లేదన్నమాట!" అని పెద్దాయన పగలబడి నవ్వి, కొత్తది వాపసిచ్చేశాడు.

మేనేజరు ముఖం మాడ్చుకున్నాడు. అత్తను తీసేస్తే ఆమెతోపాటు నేనూ మానేసి పోతూ అనాల్సిన నాలుగు మాటలు సిద్ధం చేసుకున్నాను. షాపు ఖాళీ అయ్యాక మేనేజరు ఒక కవరుతో అత్త దగ్గరికొచ్చాడు.

"అక్కా, ఈ ప్యాంటూ మన షాపుదే, పాతది. నడుము దగ్గర బట్టేమైనా ఉందా?"

"మరి నా ఉద్యోగం?"

"అదెక్కడికీ పోదులే, ముందు ఇది చూడు!"

అత్త తిరగేసింది. "రెండంగుళాలుంది తమ్ముడూ. ఇక భయం లేకుండా తిను."

ఎన్నాళ్లకో నేనూ కడుపారా నవ్వాను.