కుడి భుజం

ఇరవై రెండేళ్ల పాటు నేను రోడ్డును సగమే చూశాను. ఎడమ సగం. చీర కట్టుకుని బండి వెనక ఒక పక్కగా కూర్చునే ఆడవాళ్లకు దక్కేది అంతే. చిత్తూరులో బయల్దేరి పలమనేరులోని మా పుట్టింటికి చేరేలోపు ఎడమ చేతి వైపు ఎన్ని టీ అంగళ్లున్నాయో, ఏ మలుపులో చెరుకురసం బండి నిలబడుతుందో తడుముకోకుండా చెప్పేస్తాను. కుడి వైపు సంగతులు తిరుగు ప్రయాణంలో తెలిసేవి. ముందు ఏముందో మాత్రం ఎప్పుడూ తెలియదు. ముందు ఉండేది మా ఆయన వీపు.

ఆ వీపు మీద నాకేమీ ఫిర్యాదు లేదు. నా కుడి చెయ్యి ఆయన కుడి భుజం మీద ఉండేది. గుంత వస్తే నొక్కేదాన్ని, లారీ హారన్ కొడితే ఇంకా గట్టిగా నొక్కేదాన్ని, మొగిలి ఘాటు దిగేటప్పుడైతే గోళ్లు దిగేలా పట్టుకునేదాన్ని. ఆయన మాత్రం వెనక్కి తిరక్కుండా ఒక్కటే మాట అనేవాడు: "నేనుండా గదా."

ఇల్లు చేరాక కుడి భుజం పీకుతోందని మూలిగేవాడు. ఆయన బోరు మోటార్లు బాగుచేసే మెకానిక్. పొలాల్లో మోటార్లు పైకి లాగడం, మోయడం, మళ్లీ దించడం రోజూ ఉండే పనే. "మోటారు బరువులే మేయ్" అనేవాడు. నేను నొప్పుల మందు రాస్తూ తిట్టేదాన్ని. పక్కనున్నవాణ్ణి ఒక చెయ్యి వెయ్యమంటే నామోషీనా, నువ్వేమన్నా పహిల్వానువా, రేపు మంచాన పడితే ఎవరు చూస్తారు అని. తిట్టినంతసేపూ నవ్వేవాడు. ఆ నవ్వుకి నాకు ఇంకా ఒళ్లు మండేది.

పోయిన చలికాలంలో ఒకరోజు పొద్దున ఇద్దరం పెళ్లికి పోతుంటే కుడి పక్క నుంచి పాల ఆటో వచ్చి గుద్దింది. దెబ్బలు పెద్దవి కావు. నాకు మోచెయ్యి చెక్కుకుపోయింది, ఆయనకు మోకాలు. కానీ అంత పెద్ద ఆటో, అంత చప్పుడు చేస్తూ వస్తుంటే ఈయనకు ఎందుకు కనబడలేదని నాకు అనుమానం వచ్చింది. కళ్లద్దాలు మార్పిద్దామని తిరుపతిలో కంటి డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఆమె చాలాసేపు పరీక్ష చేసి నీటికాసులు, అదే గ్లకోమా అని చెప్పింది. ముందున్నది బాగానే కనబడుతుందట, రెండు పక్కలా మాత్రం చూపు చెరిగిపోయిందట. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవాలి. బండి ఇక ముట్టుకోకూడదు.

"ఇన్నాళ్లూ ఎట్లా నడిపినారండీ?" అని అడిగింది డాక్టరమ్మ. ఆయన నా వైపు చూసి తల దించుకున్నాడు.

నాకు బస్సులో తిరిగొస్తుంటే అర్థమైంది. నడిపించింది నేను. నా నోరు ఊరికే ఉండదు కాబట్టి, కూర్చున్న వైపు కనబడిందల్లా చెబుతూ ఉండేదాన్ని. ఎడమ పక్క ఆవు. ఎడమ పక్క ఇస్కూలు పిల్లోళ్లు. ఎడమ పక్క ట్రాక్టరు తిరుగుతా ఉండాది. ప్రతిదానికీ ఆయన "సూసినాలే" అనేవాడు. చూడలేదు, విన్నాడు. పాల ఆటో నాకు వీపున్న వైపు నుంచి వచ్చింది. నేను లేకుండా ఒక్కడే పనులకు పోయినప్పుడు ఏమి చేసేవాడో ఇప్పటికీ తలుచుకోను.

ఆ తరువాత ఆయన పని మానేశాడు. పనికి చేతులు సరిపోతాయి. మోటారు మీద అరచెయ్యి పెట్టి ఎక్కడ కాలిందో చెప్పగలడు. పోవడమే కష్టం. ఆటోలు పొలం గట్ల మీదికి రావు. రైతులు ఎక్కించుకుపోతామన్నారు. రెండుసార్లు పోయి మూడోసారి మొరాయించాడు. "సంటిబిడ్డను తీసుకుపోయినట్టు తీసుకుపోతా ఉండారు" అన్నాడు. అప్పట్నుంచి ఫోన్ మోగితే "ఊళ్లో లేనప్పా" అని ఇంట్లో కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. పనిముట్ల సంచి మేకుకు వేలాడుతూ ఉండేది. జన్మలో అబద్ధం చెప్పడం రాని మనిషి. ఆ అబద్ధం చెప్పేటప్పుడు గొంతు మారేది, అది వినలేకపోయేదాన్ని.

ఒకరోజు బండి కూడా అమ్మేస్తానన్నాడు.

"నెల రోజులు ఆగు మామా. నేను నేర్చుకుంటా" అన్నాను.

"నువ్వా?"

ఆ ఒక్క మాటతో నాకు పట్టుదల వచ్చింది. లేకపోతే నలభై ఆరేళ్ల వయసులో నాకెందుకీ అవస్థ?

చిత్తూరు చివర్లో, మామిడి గుజ్జు ఫ్యాక్టరీ పక్కన ఒక డ్రైవింగ్ స్కూలు ఉంది. నడిపేది రిటైరైన ఆర్టీసీ డ్రైవరు. ఏళ్ల తరబడి తిరుమల ఘాట్ రోడ్డు మీద బస్సు నడిపినాయన. గొంతు పెంచడం తెలియదు. నేను మోటార్ సైకిలు అనగానే కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు.

"ఆడోళ్లంతా స్కూటరు అడగతారు గదా పాపా, నీకెందుకా బరువు?"

స్కూటరు చిన్న చక్రాలు గట్ల మీద దిగబడతాయని, ఉన్న బండి అదేనని, వెనక మా ఆయన, ఆయన సంచి ఉంటాయని చెప్పాను. కళ్లద్దాలు మళ్లీ కిందికి దించుకున్నాడు.

"రేపు ఆరున్నరకి రా. పంజాబీ డ్రస్సు ఏసుకోని రా. ఇంగొకటి, బిరీన నేర్చుకోవాల. కాయ దిగడం మొదలయ్యిందంటే ఈడ మనకి జాగా ఉండదు."

నిజమే. మేం నేర్చుకునే స్థలం ఆ ఫ్యాక్టరీ ఆవరణే. తోతాపురి కాయలు వచ్చే కాలంలో అక్కడ ట్రాక్టర్లు బారులు తీరి నిలబడతాయి. మిగతా రోజుల్లో ఖాళీ సిమెంటు నేల, గోడ వారగా పేర్చిన ప్లాస్టిక్ క్రేట్లు, ఎన్ని వానలు కడిగినా పోని పులిసిన మామిడి వాసన. మాతో పాటు స్కూటరు నేర్చుకునే నర్సమ్మలు ఇద్దరు వచ్చేవాళ్లు. మూడు రోజుల్లో వాళ్లు గిరగిరా తిరిగేశారు.

నాకిచ్చిన స్కూలు బండి మాత్రం క్లచ్ వదలగానే ఎగిరి ఆగిపోయేది. సరే, అది అందరికీ ఉండేదేనట. నాకున్న జబ్బు వేరు. తిన్నగా పోనిస్తే బండి ఎడమకు పోయి గోడను వెతుక్కునేది. అది కూడా ఎలాగో సర్దుకుంది. కానీ ఏ మాత్రం భయం వేసినా నా కుడి చెయ్యి హ్యాండిల్ వదిలేసి ముందుకు పోయేది, గాల్లోకి. బ్రేకు నొక్కాల్సిన చెయ్యి ఎందుకు పోతోందో నాకు తెలిసేది కాదు. బండి ఒరిగిపోయేది, నేను ఒక వైపు, అది ఒక వైపు. నర్సమ్మలు మొహాలు తిప్పుకుని నవ్వేవాళ్లు.

నాలుగోసారి పడ్డాక సారు దగ్గరికి వచ్చి బండి లేపాడు.

"గాల్లో ఎవుర్ని పట్టుకుంటా ఉండావు పాపా?"

"ఏమో సార్."

"ఎన్నేండ్లు ఎనక కూసున్నావు?"

"ఇరవై రెండేండ్లు."

"అప్పుడు ఆ చెయ్యి యాడ పెట్టేదానివి?"

చెప్పబోయాను. ఏడుపు వచ్చేసింది. అందరి ముందు, పంజాబీ డ్రస్సులో, మోకాళ్లకు దుమ్ముతో వెక్కి వెక్కి ఏడ్చాను. లేని భుజం కోసం నా చెయ్యి వెతుక్కుంటోందని తెలిశాక ఏడవక ఏం చేస్తాను? నర్సమ్మల్లో ఒకామె పరిగెత్తుకుంటూ వచ్చి నీళ్ల సీసా ఇచ్చింది.

నా ఏడుపు ఆగేదాకా సారు అక్కడే నిలబడ్డాడు. "ఏడస్తే ఏడువు, తప్పులేదు. చెయ్యి మాత్రం తియ్యాకు" అన్నాడు.

ఆ మర్నాటి నుంచి కొత్త శిక్ష మొదలైంది. నేను వస్తూ ఉంటే గోడ పక్కన నిలబడి, చెప్పాపెట్టకుండా ఖాళీ క్రేటును కాలితో నా ముందుకు తోసేవాడు. మొదటి రోజు ఒక్క క్రేటు ముందు కూడా నా చెయ్యి హ్యాండిల్ మీద ఆగలేదు. రెండో రోజు లోపల్లోపల ఆయన్ని తిట్టుకున్నాను. మూడో రోజు బయటికే తిట్టాను. "తిట్టు, తిట్టు. నోరు యాడికన్నా పోనీ, చెయ్యి ఆడనే ఉండాల" అని ఇంకో క్రేటు తోశాడు. తిరుమల ఘాట్‌లో బస్సు దించేటప్పుడు కూడా ఈయన ఇంత నెమ్మదిగానే ఉండేవాడేమో. ప్రయాణికులు అదృష్టవంతులు.

ఇంట్లో మా ఆయన ఏమీ అడిగేవాడు కాదు. నేను కుంటుకుంటూ వస్తే చూసి అటు తిరిగేవాడు. కోపమో, అవమానమో అనుకున్నాను. ఒక సాయంత్రం వాకిట్లో మా బండి క్లచ్ ఊరికే నొక్కి చూస్తే వెన్నలా ఆడింది. ముందు ఆ లివరు నొక్కాలంటే నా వేళ్లు నాలుగూ చాలేవి కావు. కింద చూస్తే కాగితంలో రెండు స్పానర్లు, పాత క్లచ్ వైరు ముక్క ఉన్నాయి. నా వేళ్ల వాపు ఆయన చూశాడన్నమాట. చెరిగిపోని ఆ కాస్త చూపుతో చూశాడు. నేను లోపలికి పోయి ఏమీ ఎరగనట్టు కాఫీ ఇచ్చాను.

కాయలు దిగడానికి రెండు రోజుల ముందు వరసగా తోసిన క్రేట్లన్నిటి ముందూ నా కుడి చెయ్యి బ్రేకు మీదే ఉంది. సారు చప్పట్లు కొట్టలేదు. క్రేట్లన్నీ తిరిగి గోడ పక్కన పేర్చి, "ఇంగ పో" అన్నాడు. లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె తిప్పించారు. ఒక్కసారి కూడా కాలు కింద పెట్టకుండా తిప్పాను.

లైసెన్సు చేతికొచ్చిన వారంలోనే, టమోటా వేసిన రైతు ఒకాయన ఫోన్ చేశాడు. మోటారు తిరగడం లేదు, చేను వాడిపోతోంది. మా ఆయన "ఊళ్లో..." అని మొదలుపెట్టగానే ఫోన్ లాక్కున్నాను. "వస్తా ఉండాడన్నా" అని పెట్టేశాను. మేకు మీది సంచి తీసి ఆయన ఒళ్లో పడేసి, వాకిట్లోకి పోయి బండి స్టార్ట్ చేశాను.

ఆయన బండి ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఎదురింటివాళ్లు గుమ్మంలోకి వచ్చారు. ఆ నిమిషంలో ఆయన లోపలికి పోతే ఇక జన్మలో బయటికి రాడని నాకు తెలుసు. నేను ముందుకు చూస్తూ ఇంజను ఆపకుండా కూర్చున్నాను. చివరికి సీటు కిందికి కుంగింది. సంచి మధ్యలో పెట్టుకుని, రెండు చేతులతో వెనక కమ్మీ పట్టుకుని బిర్రబిగుసుకు కూర్చున్నాడు.

ఊరు దాటేదాకా అలాగే ఉన్నాడు. రోడ్డు దిగి చేల దారి పట్టాక గట్టు పక్క నుంచి మేకలు గుంపుగా అడ్డం దూకాయి. నా నోరు ఏదో తిట్టింది. చెయ్యి బ్రేకు నొక్కింది. బండి ఆగింది, ఒరగలేదు. అప్పుడు నా కుడి భుజం మీద బరువు పడింది. ఆయన చెయ్యి. గట్టిగా, వేళ్లు దిగేలా.

మేకలు పోయాయి. చెయ్యి పోలేదు. "నేనుండా గదా" అందామని నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను. అంటే తీసేస్తాడు. భుజాలు వదులుగా పెట్టుకోమని సారు రోజూ చెప్పేవాడు గానీ, ఆ ఒక్క భుజాన్నీ కదలనివ్వకుండా, చెయ్యి జారకుండా, గుంతల్లో కూడా నిలబెట్టుకుని నడిపాను. పోయేటప్పుడు అంతే, వచ్చేటప్పుడు అంతే.

పొలంలో ఆయన పని చేస్తుంటే మొదటిసారి చూశాను. పైపులు లాగి, మోటారు బయటికి తీసి, తువ్వాలు మడిచి భుజాన వేసుకుని దాన్ని ఎత్తుకుని చెట్టు నీడకు తీసుకుపోయాడు. రైతు సాయం చేస్తానంటే వద్దన్నాడు. మధ్యాహ్నానికి నీళ్లు పడ్డాయి. కాలవలో తడి సాగుతుంటే ఆయన మొహం చూశాను. చలికాలం తరువాత అది అంత తేటగా ఉండగా చూడటం అదే మొదలు.

సాయంత్రం ఇంట్లో నా కుడి భుజం పీకడం మొదలైంది. మెడ తిప్పలేకపోయాను. నొప్పుల మందు తెమ్మంటే తెచ్చి, ఆయనే రాయడానికి కూర్చున్నాడు.

"ఏం మేయ్, మోటారేమన్నా ఎత్తినావా?" అని నవ్వాడు.

నేను కూడా నవ్వబోయి ఆగిపోయాను. చెట్టు నీడకు నడుస్తున్న మనిషి కళ్ల ముందుకొచ్చాడు. మడిచిన తువ్వాలు, దాని మీద మోటారు.

"నువ్వు మోటారు ఎత్తేది ఎడమ భుజంతో గదా మామా?"

ఆయన మందు రాస్తూనే ఉన్నాడు.

"ఇరవై రెండేండ్లు తిట్టించుకున్నావే. నా చెయ్యి వల్ల నొప్పి అని ఒక్కమాట చెప్పకూడదా?"

"సెప్పింటే," అన్నాడు, "నువ్వు చెయ్యి తీసేస్తావు గదా మేయ్."