మా వదిన దాచుకున్న మాట

మా వదిన కట్టుడు పళ్లు చేసే ల్యాబులో పనిచేస్తుంది. ఊళ్లో సగంమంది పెద్దవాళ్లు ఆమె చేసిన పళ్లతోనే నవ్వుతున్నారు. ఆ నవ్వు కూడా తనే పుట్టించాలని ఆమె పంతం. అందుకే టీవీకి కామెడీ రాస్తుంది. రాసి పంపితే అవతలినుంచి ఉలుకూ పలుకూ ఉండదు. మళ్లీ రాస్తుంది. "నీ జోకులకి నవ్వేది మేమొక్కళ్లమే, అదీ భయంతో" అంటాడు మా అన్నయ్య.

ఓ ఆదివారం టీవీ పెడితే ఆమె పంపిన కథే వస్తోంది. అక్షరం పొల్లుపోలేదు. చివర్లో పేరు మాత్రం ఎవరిదో. నాకు ఒళ్లు మండిపోయింది. వదిన రిమోటు పక్కన పెట్టి, "అంటే, బాగానే రాస్తున్నానన్నమాట" అంది. అప్పట్నుంచి ఎవరికి ఏం పంపినా చివరి పేజీ మాత్రం తన దగ్గరే ఉంచుకునేది.

ఆ పాచిక పారింది. ఇంకో ప్రొడ్యూసరు ఫోన్ చేసి, పేజీ ఒకటి తగ్గింది, పట్టుకురమ్మన్నాడు. వదిన ఆ పేజీ ఇంట్లోనే వదిలి బయల్దేరింది. తోడుగా నేను.

పొడవాటి బల్ల, చల్లారిన టీలు, చుట్టూ నటులు. "నువ్వలా కూర్చోమ్మా" అని మాకు గోడవార కుర్చీలు చూపించారు. నటులు కథ పైకి చదివారు. ఒకతను సెలవు కోసం మామగారు పోయారని ఆఫీసులో చెబుతాడు. మేనేజరు పరామర్శకి ఇంటికొస్తాడు. తలుపు తీసింది సాక్షాత్తూ ఆ మామగారే! మేనేజరు ఆయన్నే పట్టుకుని, పోయినాయన మంచితనం గురించి కళ్లొత్తుకుంటూ చెప్పి, "ఇంతకీ మీరాయనకి ఏమవుతారు?" అంటాడు. అక్కడితో కాగితాలు అయిపోయాయి.

"తర్వాత?" అన్నాడు మామగారి వేషం వేసే పెద్ద నటుడు.

"చివరి మాట నా దగ్గరుంది. నా పేరు వేస్తే చెబుతాను" అంది వదిన.

ప్రొడ్యూసరు నవ్వాడు. "కొత్తవాళ్ల పేర్లు వెయ్యమమ్మా. మా రైటరుగారి పేరే పడుతుంది. నీకివ్వాల్సింది ఇస్తాం, కొన్నాళ్లు ఓపిక పట్టు."

నేను వదిన మోచెయ్యి గిల్లాను. ఇన్నేళ్లకి తెరుచుకున్న తలుపు మూసుకుపోతుందేమోనని నా భయం. "ఒప్పేసుకో వదినా" అన్నాను మెల్లిగా. ఆమె నావైపు చూడనైనా లేదు.

"అయితే ఆ మాట కూడా మీ రైటరుగారినే రాయమనండి" అంది.

బల్ల చివర కూర్చున్న రైటరుగారు గొంతు సవరించుకుని ఒకటి చెప్పారు. నటులు చల్లారిన టీలు అందుకున్నారు. ఇంకోటి చెప్పారు. ఎవరో మొహమాటానికి దగ్గారు. వదిన లేచి సంచీ భుజాన వేసుకుంది.

పెద్ద నటుడు బల్లమీద చరిచాడు. "ఆవిణ్ణి పోనిస్తే ఈ వేషం నేను వెయ్యను సార్! ఆ మాట నాక్కావాలి."

ప్రొడ్యూసరు తల గోక్కుని, రైటరుగారి వైపు చూసి, "సరే, పేరు వేస్తాం" అన్నాడు.

వదిన మామగారి గొంతు పెట్టింది. "ఆ పోయినవాణ్ణి నేనే బాబూ. లోపలికొచ్చి ఇంకో నాలుగు మంచి ముక్కలు చెప్పండి. బతికుండగా ఈ ఇంట్లో ఒక్కళ్లూ అన్న పాపాన పోలేదు!"

ముందు నవ్వింది రైటరుగారే. తర్వాత గదంతా ఘొల్లుమంది. నేను మళ్లీ వదిన మోచెయ్యి గిల్లాను, ఈసారి గర్వంతో.

నవ్వు సద్దుమణిగాక ప్రొడ్యూసరు కళ్లు తుడుచుకుని పెన్ను తీశాడు. "ఇంతసేపూ కాగితం మీద ఫోన్ నంబరే చూశాను. మీ పేరేమిటండీ?"

వదిన ఇంటిపేరుతో సహా చెప్పింది.